కోడ్ నేర్చుకుందాం, పాఠం 3: ఎడిటర్‌లో ఏ గది ఎక్కడుంది

కిందటి పాఠంలో పైథాన్ భాష, కోడ్ రాసుకునే ఎడిటర్ వీఎస్ కోడ్ రెండూ కంప్యూటర్‌లోకి ఎక్కించుకున్నాం. ఇవాళ రాసే కోడ్ నాలుగు లైన్లే. మిగతా టైమంతా ఎడిటర్‌లో ఏది ఎక్కడుందో తిరిగి చూడటమే. మైక్రోసాఫ్ట్ 2015లో తెచ్చిన ఈ ఎడిటర్‌ని మొదటిసారి తెరిస్తే లంకంత కొంపలో దిగబెట్టినట్టుంటుంది. కంగారు పడకండి. మన వైపు మండువా లోగిలి చూశారుగా, మధ్యలో మండువా, చుట్టూ గదులు. ఇదీ అంతే. మధ్యలో కోడ్ రాసే చోటు, పక్కనా కిందా గదులు. పోలిక ఇంతకు మించి లాగితే తెగుతుంది, ఇక్కడే వదిలేద్దాం.

ముందు డెస్క్‌టాప్ మీద ‘దింపు’ (చెట్ల మీంచి కొబ్బరికాయలు దింపడం) అనే పేరుతో ఒక ఫోల్డర్ చేయండి. పేరు మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లో పెట్టండి. తెలుగులో పెట్టినా పనిచేస్తుంది గానీ, టెర్మినల్‌లో (కమాండ్లు టైప్ చేసే చోటు) గుణింతాలు విడిపోయి చదవడానికి చికాకుగా ఉంటుంది. తర్వాత ఫైల్ మెనూలో ఓపెన్ ఫోల్డర్ నొక్కి దాన్ని తెరవండి. ఈ ఫోల్డర్ రాసినవాళ్లను నమ్ముతారా అని అడుగుతుంది. మనం చేసుకున్నదే కాబట్టి నమ్ముతామనే చెప్పండి. ఫైల్ ఒక్కటే కాకుండా ఫోల్డర్ మొత్తాన్ని తెరవమని ఎందుకంటున్నానో కాసేపట్లో తెలుస్తుంది.

ఎడమ అంచున నిలువుగా కొన్ని బొమ్మలుంటాయి. అన్నిటికంటే పైది ఎక్స్‌ప్లోరర్, అంటే మన ఫైళ్ల జాబితా. దాని కింద భూతద్దం, వెతకడానికి. మిగతావి సోర్స్ కంట్రోల్, డీబగ్, ఎక్స్‌టెన్షన్లు (ఎడిటర్‌కి తగిలించుకునే అదనపు హంగులు). ఇప్పటికి వాటి జోలికి పోవద్దు. కొత్త వెర్షన్లలో కుడివైపు చాట్ ప్యానెల్ కూడా తెరుచుకుంటుంది. నేర్చుకునే రోజుల్లో అది మూసి ఉంటేనే మంచిదని నా అభిప్రాయం.

ఒక చిన్న మెలిక. తెరిచి ఉన్న ఎక్స్‌ప్లోరర్ బొమ్మ మీద ఇంకోసారి నొక్కితే జాబితా మొత్తం మాయమవుతుంది. ‘నా ఫైళ్లన్నీ పోయాయి అన్నయ్యా’ అని మా బాబాయి కొడుకు రాత్రి పదింటికి ఫోన్ చేశాడు. ఎక్కడికీ పోలేదు, గది తలుపు పడిందంతే. కంట్రోల్ పట్టుకుని బి నొక్కితే తిరిగి వస్తుంది.

ఇప్పుడు ఎక్స్‌ప్లోరర్‌లో కొత్త ఫైల్ చేయండి. పేరు చివర డాట్ పీవై (.py) ఉండాలి. అంబాజీపేట మార్కెట్లో కొబ్బరికాయల ధర వెయ్యి కాయల లెక్కన చెబుతారు కదా, ఆ లెక్కే వేద్దాం. ధర మాత్రం నేను వేసుకున్న అంకె, మార్కెట్ రేటు అనుకునేరు.

కాయలు = 2400
ధర = 12000
మొత్తం = కాయలు * ధర / 1000

నాలుగో లైన్లో ప్రింట్ రాసి, బ్రాకెట్లలో మొత్తం అని పెట్టండి. ప్రింట్ అన్నమాట ఇంగ్లిష్‌లోనే ఉండాలి. లెక్కకు మనం పెట్టుకున్న పేర్లు తెలుగులో ఉన్నా పైథాన్ 3 ఒప్పుకుంటుంది.

ఇక కింది గది. కంట్రోల్ పట్టుకుని జె నొక్కితే తెరుచుకుంటుంది, మళ్లీ నొక్కితే మూసుకుంటుంది. అందులో ప్రాబ్లమ్స్, అవుట్‌పుట్, డీబగ్ కన్సోల్, టెర్మినల్ అని పేర్లు వరసగా ఉంటాయి. కొత్తవాళ్లు ఎక్కువగా తికమక పడేది ఇక్కడే. ‘అవుట్‌పుట్’ అని ఉందిగా, జవాబు అక్కడే వస్తుందని దాన్ని తెరిచి కూర్చుంటారు. అక్కడ కనిపించేవి ఎడిటర్, దాని ఎక్స్‌టెన్షన్లు రాసుకునే సొంత చిట్టాలు. మన జవాబు వచ్చేది టెర్మినల్‌లో.

టెర్మినల్‌లో పైథాన్ అని ఇంగ్లిష్‌లో టైప్ చేసి, ఖాళీ వదిలి, ఫైల్ పేరు రాసి ఎంటర్ కొట్టండి. 28800.0 రావాలి. భాగహారం చేశాం కాబట్టి ఆ సున్నా తోక వచ్చింది, తప్పేం కాదు.

అలా రాకుండా ‘నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ’ అని వచ్చిందా? కోడ్ జోలికి వెళ్లకండి. టెర్మినల్ ఎప్పుడూ ఏదో ఒక ఫోల్డర్‌లో నిలబడి ఉంటుంది. ఆ ఫోల్డర్ పేరు లైను మొదట్లోనే రాసి ఉంటుంది. రావులపాలెం బస్టాండ్‌లో నిలబడి రాజోలు బస్టాండ్ పక్కనున్న టీకొట్టు కోసం వెతికితే దొరుకుతుందా? ఓపెన్ ఫోల్డర్‌తో తెరిస్తే టెర్మినల్ నేరుగా ఆ ఫోల్డర్‌లోనే తెరుచుకుంటుంది. ఫైల్ ఒక్కటే తెరిస్తే అది వేరేచోట, మామూలుగా మీ యూజర్ ఫోల్డర్‌లో నిలబడుతుంది. ఇందాక ఫోల్డర్ అని పట్టుబట్టింది అందుకే.

మా తమ్ముడికి రెండో రోజు ఇంకో తంటా. ధర 13000 చేశాడు. టెర్మినల్‌లో పై బాణం నొక్కి పాత కమాండే మళ్లీ కొట్టాడు. 28800.0. ఇంకోసారి కొట్టాడు, అదే. అరగంట ఆ నాలుగు లైన్లనే చదివాడు, పైథాన్‌నే అనుమానించాడు. నేను వెళ్లి చూస్తే పైన ట్యాబ్‌లో ఫైల్ పేరు పక్కన గుండ్రటి చుక్క ఉంది. సేవ్ చేయలేదని గుర్తు అది. సేవ్ చేస్తే చుక్క పోయి అక్కడ మూసే గుర్తు వస్తుంది. ఎడిటర్‌లో మనకు కనిపిస్తున్నది 13000, డిస్కు మీద ఉన్నది 12000. పైథాన్ చదివేది డిస్కు మీదున్న దాన్ని. కంట్రోల్, ఎస్ నొక్కాం, 31200.0 వచ్చింది. ‘ఇంతేనా’ అన్నాడు. ఇంతే.

ప్రాబ్లమ్స్ గురించి ఒక్కమాట. పైథాన్ ఎక్స్‌టెన్షన్ ఉంటే, కోడ్ నడపక ముందే అది తప్పులు పట్టి ఇక్కడ రాస్తుంది. ఆ వరస మీద నొక్కితే తప్పున్న చోటికి తీసుకెళ్తుంది. ఇక అన్నిటికంటే అడుగున సన్నటి పట్టీలో కర్సర్ ఏ లైన్లో ఉందో కనిపిస్తుంది. టెర్మినల్ ‘లైన్ 3’ అని తప్పు చూపిస్తే చూపు అక్కడికి పోవాలి.

వచ్చే పాఠంలోపు మూడు పనులు చేయండి. కంట్రోల్-బి, కంట్రోల్-జెలతో గదులన్నీ మూసి, మౌస్ ముట్టుకోకుండా మళ్లీ తెరవండి. ప్రింట్ లైన్లో చివరి బ్రాకెట్ తీసేసి, ప్రాబ్లమ్స్‌లో ఏం వచ్చిందో, ఎక్స్‌ప్లోరర్‌లో ఫైల్ పేరు ఏ రంగుకు మారిందో చూడండి. తర్వాత బ్రాకెట్ పెట్టేసి, కాయలు 3150 చేసి, ధర 12000 ఉంచి, సేవ్ చేయకుండా ఒకసారి, చేసి ఒకసారి నడపండి. రెండోసారి 37800.0 రావాలి. పాఠం 4లో ఈ లెక్కలోంచి దింపు కూలి తీసేద్దాం.