ఫైటింగ్ గేమ్ నేర్చుకుందాం, పాఠం 4: కొత్త భాగంలోకి మారేటప్పుడు

గత పాఠంలో ఫ్రేముల (తెరపై సెకనుకు 60 చొప్పున మారే బొమ్మల) లెక్క చూశాం. ఈసారి పాఠం స్ట్రీట్ ఫైటర్ 4 లేదా 5 బాగా ఆడి, 2023లో వచ్చిన 6కి మారుతున్నవాళ్ల కోసం. కొత్త భాగం చేతికి రాగానే చాలామంది కాంబోల (గొలుసుకట్టు దెబ్బల) కోసం వెతుకుతారు. మీరు ముందు అటు వెళ్లకండి. ఎదుటివాడు మీద పడుతున్నప్పుడు ఈ భాగంలో మీ దగ్గర ఏ జవాబు ఉందో చూసుకోండి. ఈ సిరీస్‌లో ఒక్కో భాగానికీ బాగా మారిపోయేది అదేనని నా నమ్మకం.

హడోకెన్ (చేతుల్లోంచి శక్తి బంతిని విసిరే దెబ్బ) గురించి బెంగ అక్కర్లేదు. స్టిక్‌ను కింద, కింద-ముందు, ముందు, పంచ్: 1987 నాటి మొదటి గేమ్ నుంచీ అంతే. దూరం అంచనా వేయడం, ఎగిరి వచ్చేవాణ్ని గాల్లోనే కొట్టడం కూడా మీతోపాటే వస్తాయి.

చిక్కంతా అలవాటైన బటన్లతోనే. మీడియం పంచ్, మీడియం కిక్ కలిపి నొక్కితే 4లో ఫోకస్ అటాక్ వచ్చేది. ఒక దెబ్బను ఓర్చుకుని, బటన్లు వదలగానే తిరిగి కొట్టేది. 5లో అదే జత వి-స్కిల్ అయింది, ఒక్కో పాత్రకు ఒక్కో పని. 6లో అది డ్రైవ్ ప్యారీ. పట్టుకుని ఉన్నంతసేపూ దెబ్బల్ని ఆపుతుంది, కానీ డ్రైవ్ గేజ్ (ఇలాంటి పనులకు ఖర్చయ్యే శక్తి పట్టీ) కరుగుతూ ఉంటుంది. వదిలితే ఎదురుదెబ్బ ఏమీ రాదు. పైగా ఎదుటివాడు త్రో వేస్తే, అంటే పట్టుకుని విసిరేస్తే, దొరికిపోతారు. 4 ఆడిన చేతులు ఇక్కడే ఎక్కువగా మోసపోతాయి.

ప్యారీ 6తో పుట్టింది కాదు. 1997లో వచ్చిన స్ట్రీట్ ఫైటర్ 3లోనే ఉంది. దెబ్బ తగిలే క్షణంలో స్టిక్‌ను ముందుకు తట్టాలి, టైమింగ్ తప్పితే దెబ్బ తిన్నట్టే. 2004 ఈవో టోర్నమెంట్‌లో దైగో ఉమెహారా అనే ఆటగాడు ఇదే గేమ్‌లో, తన పాత్ర కెన్ హెల్త్ చుక్కంత మిగిలి ఉండగా, జస్టిన్ వాంగ్ ఆడుతున్న చున్-లీ సూపర్‌ను (వరసగా చాలా దెబ్బలు కొట్టే పెద్ద మూవ్‌ను) ఒక్క దెబ్బ కూడా వదలకుండా ప్యారీ చేసి ఆ మ్యాచ్ గెలిచాడు. ఆ వీడియో తప్పకుండా చూడండి. 6లో ప్యారీ చేతికి సులువైంది, కష్టం గేజ్ లెక్కలోకి వెళ్లింది.

గేజ్ అంటే పొదుపు చేసుకోవాల్సిందనే పాత అలవాటు కూడా ఇక్కడ అడ్డొస్తుంది. డ్రైవ్ గేజ్ ఆరు గడులూ రౌండ్ మొదట్లోనే నిండుగా ఉంటాయి. ఖర్చు పెట్టడానికే ఇచ్చారు. పూర్తిగా ఖాళీ చేస్తే మాత్రం బర్నౌట్. ప్యారీ ఉండదు, హడోకెన్ లాంటి స్పెషల్ మూవ్‌ను బ్లాక్ చేసినా హెల్త్ తగ్గుతుంది. ఒకటి రెండు గడులు మిగుల్చుకుని ఆడటం నయం.

అభ్యాసం: ట్రైనింగ్ మోడ్‌లో డమ్మీకి (సాధన కోసం ఎదురుగా నిలబడే పాత్రకు) మూడు పనులు రికార్డ్ చేయండి. మొదటిది డ్రైవ్ ఇంపాక్ట్, అంటే ఎదుటి దెబ్బల్ని ఓర్చుకుని దూసుకొచ్చే బలమైన దెబ్బ; హెవీ పంచ్, హెవీ కిక్ కలిపి నొక్కాలి (5 ఆడినవాళ్లకు ఈ జత వి-ట్రిగర్‌గా గుర్తుంటుంది, జాగ్రత్త). రెండోది నడిచొచ్చి త్రో. మూడోది కూర్చుని మీడియం కిక్. మూడింటినీ రాండమ్‌గా ప్లే చేయండి. ఇంపాక్ట్ తగలడానికి 26 ఫ్రేములు, అంటే అర సెకను కూడా లేదు. ఆలోపు మీరూ ఇంపాక్ట్‌తోనే జవాబివ్వాలి. త్రోకి త్రో బటన్లు నొక్కి విడిపించుకోండి, కిక్‌ను కూర్చుని బ్లాక్ చేయండి. టెన్షన్‌లో అన్నిటికీ ఇంపాక్ట్ నొక్కేస్తుంటే, ముందు ఇంపాక్ట్, కిక్ రెండే పెట్టుకుని చేసి, తర్వాత త్రో కలపండి.

వచ్చే పాఠం: డ్రైవ్ రష్.