కొండ సరస్సు మీద ఫీల్డ్‌వర్క్‌కి వెళ్లే ముందు

జియాలజీ విద్యార్థికి వేసవి ఇంటర్న్‌షిప్‌లో ఎత్తైన కొండల మధ్య సరస్సు దొరకడం అదృష్టమే. సరస్సు అడుగున పొరలు పొరలుగా పేరుకున్న బురదలో వేల ఏళ్ల వాతావరణ చరిత్ర ఉంటుంది. దాన్ని బయటికి తీయడం మంచి పని, ప్రమాదం ఉన్న పని కూడా. వెళ్లేవాళ్లు అన్నిటికన్నా ముందు తెలుసుకోవాల్సింది ఒకటే: పైన ఎండ ఎంత ఉన్నా నీళ్లను నమ్మకూడదు.

మంచు కరిగి చేరే సరస్సులో నడివేసవిలో కూడా వెచ్చగా ఉండేది పైపొర మాత్రమే. లోతుకు వెళ్తే నీళ్లు 4 డిగ్రీల దగ్గర ఉండొచ్చు. గట్టిగా గాలి వీస్తే ఆ చల్లటి నీళ్లు ఒడ్డుదాకా పైకి వస్తాయి. 15 డిగ్రీల కన్నా చల్లటి నీళ్లలో హఠాత్తుగా పడితే ఊపిరి దానంతటదే గట్టిగా లోపలికి లాగేస్తుంది. ఆ క్షణంలో తల నీళ్ల కింద ఉంటే నీళ్లే లోపలికి పోతాయి. మొదటి నిమిషం ఊపిరిని అదుపులోకి తెచ్చుకోవడానికే సరిపోతుంది. ఆ తర్వాత చేతులు మన మాట వినేది సుమారు 10 నిమిషాలు. ఒంట్లో వేడి ప్రమాదకరంగా తగ్గడానికి ఇంకా ఎక్కువసేపు పడుతుంది కానీ, చాలామంది అంతదాకా రాకుండానే మునిగిపోతారు. అందుకే లైఫ్ జాకెట్ ఈత రానివాళ్ల కోసమని అనుకోకండి. బాగా ఈదేవాళ్లు కూడా ఒడ్డునే వేసుకుని, బకిల్స్ అన్నీ బిగించి, మళ్లీ ఒడ్డుకు చేరాకే తీయాలి. పడవలో సీటు కింద పెట్టిన జాకెట్ లేనట్టే లెక్క.

పడిపోతే ఒడ్డు దగ్గరగా కనిపించినా ఈదుకుంటూ వెళ్లొద్దు, పడవను పట్టుకుని ఉండండి. మొదటిరోజే, ఒడ్డు పక్కన లోతు తక్కువ ఉన్నచోట, నీళ్లలోంచి పడవలోకి ఎలా ఎక్కాలో, ఇంకొకరిని ఎలా లాగాలో అందరూ ఒకసారి చేసి చూడాలి. సూపర్‌వైజర్ దీన్ని ప్లాన్‌లో పెట్టకపోతే మీరే అడగండి.

ఇక కోర్ తీసే పని, అంటే అడుగు బురదలోకి గొట్టం దించి పొరలు చెదరకుండా పైకి లాగడం. గొట్టం దించడం తేలికే, టెన్షన్ అంతా పైకి లాగేటప్పుడే. అడుగు బురద దాన్ని గట్టిగా పట్టేసుకుంటుంది. ఇద్దరు ముగ్గురు ఒకే అంచుకు వంగి లాగుతుంటారు, గొట్టం ఒక్కసారిగా ఊడొస్తుంది, పడవ ఊగిపోతుంది. లాగేవాళ్లు కూర్చునో మోకాళ్ల మీదో ఉండాలి, మిగతావాళ్లు రెండోవైపు బరువుగా కూర్చోవాలి. పట్టు దొరకడం లేదని తాడును చేతికి చుట్టుకోవద్దు. చుట్టలుగా పడి ఉన్న తాడు మధ్యలో కాలు పెట్టొద్దు. గాలి ఉన్నప్పుడు చిన్న పడవకు వెనకవైపు నుంచి లంగరు వేస్తే అలలు లోపలికి వచ్చేస్తాయి, ముందువైపు నుంచే వేయాలి.

కొండల్లో పొద్దున్నే నీళ్లు అద్దంలా ఉంటాయి. ఎండ ముదిరేకొద్దీ లోయలోంచి గాలి లేస్తుంది, మధ్యాహ్నానికి మబ్బులు కమ్ముతాయి. నీళ్ల మీద పని తెల్లవారగానే మొదలుపెట్టి మధ్యాహ్నంలోపు ముగించుకోండి. ఉరుము వినపడితే ఆ కోర్ సగంలో ఉన్నా సరే వదిలేసి ఒడ్డుకు రావాలి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాలి. కోర్ మళ్లీ తీసుకోవచ్చు.

సరస్సు 2,500 మీటర్ల కన్నా ఎత్తులో ఉంటే మొదటి రెండు రోజులు బరువులు మోయకుండా తేలిక పనులే పెట్టుకోండి. 3,000 మీటర్లు దాటాక రోజుకు 500 మీటర్ల కన్నా ఎక్కువ ఎత్తుకు మకాం మార్చొద్దు. తలనొప్పి, వికారం మొదలైతే దాచకుండా చెప్పేయండి. నడక తూలుతున్నా, మాట తడబడుతున్నా, ఊరికే కూర్చున్నా ఆయాసం వస్తున్నా ఆ మనిషిని వెంటనే కిందికి దించాలి. తెల్లవారాక చూద్దాం అనడానికి లేదు. ఎత్తు పెరిగేకొద్దీ అల్ట్రావయొలెట్ కిరణాలు ప్రతి వెయ్యి మీటర్లకు సుమారు 10 శాతం పెరుగుతాయి. పైగా మంచు మీదా నీళ్ల మీదా పడి తిరిగి తగులుతాయి కాబట్టి నల్ల కళ్లద్దాలు తప్పనిసరి.

వాగు వచ్చి సరస్సులో కలిసేచోట బురద గట్టిగా కనిపించినా మోకాళ్లదాకా దిగబడుతుంది. మంచునీటి వాగులు దాటాలంటే పొద్దున్నే దాటాలి, సాయంత్రానికి ఉధృతి పెరుగుతుంది. హిమానీనదం వదిలిన రాళ్లగుట్టే గట్టుగా ఉన్న సరస్సైతే దిగువన వాగు పక్కన గుడారం వేయొద్దు. 2013 జూన్‌లో కేదార్‌నాథ్ పైనున్న చోరాబారి సరస్సు గట్టు తెగి ఎంత విధ్వంసం జరిగిందో గుర్తుంచుకోండి. నీటి శాంపిల్స్‌లో కలిపే నైట్రిక్ యాసిడ్‌ను ఊగే పడవలో కాకుండా ఒడ్డున, గ్లవ్స్, కళ్లద్దాలు పెట్టుకుని వాడటం మేలు.

ఇంటర్న్ కదా, సీనియర్ల ముందు భయం చెప్పుకుంటే చులకనవుతానేమో అని చాలామంది నోరు మెదపరు. అలలు పెద్దవయ్యాయనిపిస్తే అందరికన్నా చిన్నవాళ్లైనా సరే "వెనక్కి వెళ్దాం" అనొచ్చు, మిగతావాళ్లు దానికి కట్టుబడాలి. ఈ మాట మొదటిరోజే టీమ్‌లో అందరి ముందూ ఒప్పుకోండి.

రోజూ పడవ ఎక్కేముందు ఒడ్డున ఉండే మనిషికి కాగితం మీద రాసివ్వండి: ఎవరెవరు వెళ్తున్నారు, సరస్సులో ఏ వైపు, ఎన్నింటికి తిరిగొస్తారు, ఎన్నింటిదాకా రాకపోతే సహాయానికి ఫోన్ చేయాలి, ఏ నంబరుకు. సిగ్నల్ అందని చోటైతే శాటిలైట్ ఫోన్ ఒకటి పడవలో, ఇంకొకటి ఒడ్డున ఉండాలి.