పిల్లల కార్ సీటు కదలకుండా బిగించడం ఎలా?

కొత్తగా కార్ సీటు కొన్న వాళ్లు ఆ ఆదివారం నన్ను సెల్లార్‌లోకి పిలుస్తారు. "అన్నా, బిగించేశాం, ఒకసారి చూడు" అంటారు. నేను సీటు పట్టుకుని పక్కకి లాగుతాను. బెత్తెడు జరుగుతుంది. కొన్నిసార్లు జానెడు. సీటు మంచిదే, డబ్బు బాగానే పోశారు, పెట్టెలో పుస్తకం కూడా ఉంది. మా ఇద్దరు పిల్లల సీట్లు, తమ్ముడి పిల్లల సీట్లు, అపార్ట్‌మెంట్‌లో వాళ్లవి కలిపి ఈ పని చాలాసార్లు చేశాను. దాదాపు ప్రతిసారీ కనిపించే తప్పు ఒకటే, వదులు.

గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారు దేన్నైనా గుద్దుకుని ఆగిపోతే, లోపలున్న మనిషికి అది సుమారు పది మీటర్ల ఎత్తు నుంచి, అంటే మూడంతస్తుల మేడ మీద నుంచి పడ్డట్టు. ఆ క్షణంలో పది కిలోల బిడ్డ చేతుల్లో రెండు వందల కిలోల బరువవుతుంది. "ఒళ్లో గట్టిగా పట్టుకుంటాలే నాయనా" అనే అమ్మమ్మలకు నేను ఈ లెక్కే చెబుతాను. ప్రేమ తక్కువై కాదు, అంత బరువును ఆపగల చేతులు ఎవరికీ లేవు. సీటు వదులుగా ఉన్నా అంతే. కారు ఆగిపోయాక కూడా సీటు ఆ జానెడు దూరం అదే వేగంతో ముందుకు పోతుంది, అప్పుడు ఒక్కసారిగా ఆగుతుంది. ఆ కుదుపు మొత్తం బిడ్డ మెడ మీద పడుతుంది.

కొనేటప్పుడు

సీటు మీద గుండ్రటి గీతలో ఇంగ్లిష్ "E" అక్షరం ఉన్న స్టిక్కర్ ఉండాలి. దాని మీద ఆర్44/04 అని గానీ, కొత్తదైతే ఆర్129 అని గానీ రాసి ఉంటుంది, ఇవి సీటు పాసైన భద్రతా ప్రమాణాల పేర్లు. రెండూ దొరికితే ఆర్129 తీసుకోండి, పక్క నుంచి గుద్దినప్పటి పరీక్ష కూడా అందులో ఉంది. స్టిక్కర్ లేకపోతే ఎంత మెత్తగా ఉన్నా వద్దు. బిడ్డ బరువు, ఎత్తు చూసి కొనండి, వయసు చూసి కాదు. సెకండ్ హ్యాండ్ సీటు బాగా తెలిసిన వాళ్ల దగ్గరైతేనే తీసుకోండి. ఒకసారి ప్రమాదంలో ఉన్న సీటుకు లోపల పగుళ్లు ఉండొచ్చు, అవి పైకి కనబడవు.

అమెరికా నుంచి తెచ్చుకున్న సీటైతే ఒక చిక్కుంది. అక్కడి కార్లలో బెల్టును చివరిదాకా లాగి వదిలితే అది తాళం పడ్డట్టు బిగుసుకుంటుంది, తర్వాత ఎంత లాగినా రాదు. అక్కడి సీట్లలో చాలావరకు ఆ తాళాన్ని నమ్ముకుని తయారైనవే. మన కార్ల బెల్టులు చాలావరకు కుదుపు వస్తేనే ఆగుతాయి, మామూలుగా లాగితే వస్తూనే ఉంటాయి. కాబట్టి బెల్టును నొక్కి పట్టే క్లాంప్ ఆ సీటులోనే ఉందో లేదో సూట్‌కేసు సర్దక ముందే చూసుకోండి.

ఎక్కడ పెట్టాలి

వెనక సీటులో, ఎడమ వైపు. నేను వేరే చోట పెట్టను, పెట్టనివ్వను. మనం రోడ్డుకు ఎడమ పక్కన ఆపుతాం కాబట్టి ఆ తలుపు తీస్తే ఫుట్‌పాత్ వస్తుంది, బండ్లు రావు. డ్రైవింగ్ చేసే వాళ్లు కాస్త తల తిప్పితే బిడ్డ కనబడుతుంది. మధ్య సీటు మంచిదని కొందరంటారు. మన కార్లలో చాలావాటికి అక్కడ ఐసోఫిక్స్, అంటే బెల్టు లేకుండా పిల్లల సీటును నేరుగా కారుకే తగిలించే ఏర్పాటు, ఉండదు, పాత కార్లలో నడుముకు మాత్రమే వచ్చే బెల్టు ఉంటుంది, పైగా మధ్యలో ఎత్తుగా ఉండి సీటు ఊగుతుంది.

ముందు సీటులో మాత్రం వద్దే వద్దు. 2019 జులై నుంచి కొత్త కార్లలో డ్రైవర్‌కు ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయింది, 2021 ఏప్రిల్ నుంచి కొత్త మోడళ్లలో పక్క సీటుకు కూడా. ఆ ఎయిర్‌బ్యాగ్ కనురెప్ప వాల్చేలోపే పూర్తిగా తెరుచుకుంటుంది. వెనక్కి తిరిగి ఉండే పాప సీటును ముందు పెడితే దాని వీపు సరిగ్గా డాష్‌బోర్డుకు ఆని ఉంటుంది. సంచి తెరుచుకోగానే సీటును, దాంతో పాటు బిడ్డ తలను బలంగా వెనక్కి కొడుతుంది. సన్ వైజర్ మీద ఎర్ర గీత కొట్టిన పాప బొమ్మ అందుకే వేస్తారు. ఆ ఎయిర్‌బ్యాగ్‌ను ఆఫ్ చేసే స్విచ్ మన కార్లలో చాలావాటికి లేదు.

ఎయిర్‌బ్యాగ్ మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతి. పక్క సీటు ముందు డాష్‌బోర్డు మీద వినాయకుడి విగ్రహం అతికిస్తాం. చాలా కార్లలో సంచి బయటికి వచ్చేది సరిగ్గా అక్కడున్న మూత కింద నుంచే. అప్పుడు విగ్రహం అక్కడ కూర్చున్న వాళ్ల ముఖం మీదికి వస్తుంది. దేవుణ్ణి మధ్యలో, అద్దం దగ్గర పెట్టుకోండి. సీటు పక్క నుంచి ఎయిర్‌బ్యాగ్ వచ్చే కార్లకు బయట కుట్టించిన మందపాటి సీటు కవర్లు వేయించకండి, అది తెరుచుకోవడానికి దారి ఉండదు.

ఏ వైపు తిప్పాలి

పసిపిల్లలు వెనక్కి తిరిగే కూర్చోవాలి. ఆర్129 ప్రకారం కనీసం 15 నెలలు. నా మాట వింటే రెండేళ్లు దాటేదాకా, సీటు మీద రాసిన బరువో ఎత్తో దాటేదాకా అలాగే ఉంచండి. పసిబిడ్డ తల ఒంటితో పోలిస్తే చాలా బరువు, మెడ లేత. వెనక్కి తిరిగి ఉంటే తల, మెడ, వీపు మొత్తాన్ని సీటు వీపు ఆపుతుంది. "కాళ్లు ముడుచుకుపోతున్నాయి పాపం" అని అందరూ అంటారు. పిల్లలు మఠం వేసుకుని హాయిగా కూర్చుంటారు, ఇబ్బంది మన కళ్లకే.

బిగించడం

ఇక్కడ తొందరపడకండి. అరగంట ఖాళీ పెట్టుకోండి. బిడ్డను ఇంట్లో ఎవరికైనా ఇచ్చి రండి. కారును సమంగా ఉన్న చోట ఆపండి, సెల్లార్ ర్యాంపు మీద కాదు. వాలు మీద బిగిస్తే సీటు వాలు కూడా తప్పుతుంది. పసిపిల్లల సీటు పక్కన ఒక గీత ఉంటుంది, అది నేలకు సమాంతరంగా రావాలి. మరీ నిటారుగా పెడితే నిద్రలో తల ముందుకు వాలి ఊపిరి అందదు.

ముందు బెల్టు దారి చూసుకోండి. వెనక్కి తిరిగే సీటుకు నీలం గుర్తులు, ముందుకు తిరిగే సీటుకు ఎర్ర గుర్తులు ఉంటాయి. రెండు రకాలుగా వాడే సీటులో నీలం దారిలో పోవాల్సిన బెల్టును ఎర్ర దారిలో దూర్చిన వాళ్లను చూశాను. బెల్టు మెలి పడకూడదు. ఒక్క మెలి ఉన్నా అక్కడ అది పట్టీ కాదు, తాడు.

ఇప్పుడు బకిల్ క్లిక్‌మనిపించండి. చాలామంది ఇక్కడే ఆపేస్తారు. అసలు పని ఇప్పుడే మొదలవుతుంది.

బిడ్డ కూర్చునే చోట మీ మోకాలు పెట్టి, ఒంటి బరువు మొత్తం దాని మీద వేయండి. కింద కారు సీటు మెత్తలు అణగాలి. చేత్తో నొక్కితే చాలదు, నా దగ్గరికి వచ్చిన వదులు సీట్లలో చాలావరకు చేత్తో నొక్కినవే. మోకాలు తీయకుండా ముందు నడుము బెల్టును లాగండి, అందులో ఉన్న వదులంతా భుజం బెల్టులోకి రావాలి. తర్వాత భుజం బెల్టును పైకి, అది బయటికి వచ్చే చోటు వైపు లాగుతూ లోపలికి పోనివ్వండి. ఈ వరుస తిరగేస్తే నడుము దగ్గర వదులు అలాగే మిగిలిపోతుంది. రెండు మూడు సార్లు ఇలా చేశాక, మోకాలు ఇంకా అక్కడే ఉండగా, సీటుకు ఉన్న క్లాంప్‌తో బెల్టును నొక్కేయండి. అప్పుడు మోకాలు తీయండి. ముందే తీస్తే మెత్తలు పొంగి, బెల్టు మళ్లీ వదులవుతుంది.

ఇక పరీక్ష. బెల్టు సీటులోంచి పోయే చోటనే పట్టుకుని, మామూలు బలంతో అటూ ఇటూ, ముందుకూ వెనక్కీ లాగండి. అంగుళం కంటే ఎక్కువ కదలకూడదు. సీటు తల భాగం పట్టుకుని ఊపి చూడకండి. వెనక్కి తిరిగిన సీటు పై భాగం కాస్త ఊగుతుంది, అది తప్పు కాదు. అక్కడ ఊగిందని కంగారుపడి తాళ్లతో కట్టిన వాళ్లున్నారు. అంగుళం దాటితే విప్పి మొదటి నుంచి చేయండి. నాకు కూడా రెండు మూడు సార్లు చేస్తే గానీ కుదరని కార్లున్నాయి.

ఎంత చేసినా బిగుసుకోకపోతే బకిల్ చూడండి. కొన్ని కార్లలో బకిల్ కాడ పొడుగ్గా ఉంటుంది. అప్పుడు బకిల్ వచ్చి సీటు ప్లాస్టిక్ అంచు మీద వంగి ఆనుతుంది. పైకి గట్టిగానే అనిపిస్తుంది గానీ గుద్దినప్పుడు ఆ వంపు దగ్గర బకిల్ విరగొచ్చు, ఊడొచ్చు. ఆ సీటు ఆ స్థానంలో పనికి రాదన్నమాట. అవతలి వైపు పెట్టి చూడండి, ఎడమ పక్కే ఉండాలన్న నా నియమం వదలాల్సింది ఈ ఒక్క సందర్భంలోనే. చిన్న కార్లలో బెల్టు పొడవు చాలకపోవడం కూడా ఉంది. బయట దొరికే అదనపు బెల్టు ముక్క తగిలించకండి. సీటు కొనే ముందే షాపు వాళ్లను మీ కారు దాకా తీసుకొచ్చి పెట్టి చూపించమనండి. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ఐసోఫిక్స్ ఉంటే పని సులువు. రెండు కొక్కేలూ క్లిక్‌మని, గుర్తులు పచ్చగా మారాలి. కానీ అక్కడితో అయిపోదు. పైన ఒక పట్టీ ఉంటుంది, దాన్ని డిక్కీలోనో సీటు వెనకో ఉన్న కొక్కేనికి తగిలించి లాగాలి. లేదా కింద నేలకు ఆనే కాలు ఉంటుంది. ఆ పట్టీ డిక్కీలో సామాన్ల కింద పడి ఉండటం నేను ఎన్నోసార్లు చూశాను. అది లేకపోతే సీటు ముందుకు మొగ్గుతుంది. సామాను కట్టే కొక్కేనికి తగిలించకండి, కారు పుస్తకంలో బొమ్మ చూసి సరైనది వెతకండి.

బిడ్డను కూర్చోబెట్టడం

వెనక్కి తిరిగి ఉంటే పట్టీలు భుజాల ఎత్తులో గానీ కాస్త కింద నుంచి గానీ రావాలి. ముందుకు తిరిగితే భుజాల ఎత్తులో గానీ కాస్త పై నుంచి గానీ. బిగించాక భుజం దగ్గర పట్టీని రెండు వేళ్లతో గిల్లి చూడండి. మడత పట్టుకోగలిగితే ఇంకా వదులే.

స్వెట్టర్, మందపాటి జాకెట్టు తీసేయండి. పసిగుడ్డును గుడ్డలో చుట్టి కూర్చోబెట్టకండి, కాళ్ల మధ్య పట్టీ రావాలి. ముందు పట్టీలు బిగించి, చలిగా ఉంటే పైన దుప్పటి కప్పండి. పండగకు పట్టు లంగా వేసిన పిల్లకు లంగా పైకి సర్ది కాళ్ల మధ్య పట్టీ వేయాల్సిందే. లంగా నలుగుతుందని ఆ పట్టీ వదిలేస్తే పిల్ల కింద నుంచి జారిపోతుంది. ఎండాకాలం విజయవాడలో మధ్యాహ్నం పార్క్ చేసిన కారులో బకిల్ లోహం చర్మాన్ని కాల్చేస్తుంది. దిగేటప్పుడు సీటు మీద తెల్ల తువ్వాలు కప్పండి, ఎక్కేటప్పుడు ముందు మీ చేత్తో పట్టుకుని చూడండి. రెండు నిమిషాలే అని పిల్లల్ని కారులో వదిలి వెళ్లకండి.

దారిలో ఏడుస్తారు. పుట్టు వెంట్రుకలకని తిరుమల వెళ్తూ ఘాట్ రోడ్డు మీద మా పాప ఏడుపు అందుకుంటే, మా అమ్మ బకిల్ విప్పబోయింది. ఆ మలుపుల్లో ఒళ్లో బిడ్డ ఎంత ప్రమాదమో చెప్పి ఆపాను, ఆవిడ కొండెక్కేదాకా నాతో మాట్లాడలేదు. అప్పటి నుంచి అలిపిరి తనిఖీ దగ్గర ఎలాగూ అందరం దిగుతాం కాబట్టి అక్కడే పాలు పట్టి, డైపర్ మార్చి, కాసేపు ఎత్తుకుని తిప్పి, అప్పుడు కూర్చోబెడతాం. హైవే మీదైతే కారు ఆపి ఎత్తుకోండి. కదిలే కారులో మాత్రం బకిల్ విప్పకండి.

పెద్దవాళ్ల సంగతి

నాలుగైదేళ్లు వచ్చి, ఆ సీటు బరువు దాటాక బూస్టర్ కావాలి. వీపు ఉన్నదే కొనండి. దాని పని బెల్టును సరైన చోటికి తేవడం. నడుము బెల్టు పొట్ట మీద కాకుండా తుంటి ఎముకల మీద, భుజం బెల్టు మెడకు కాకుండా భుజం మధ్యలో ఆనాలి. గర్భిణులకూ అంతే, నడుము బెల్టు పొట్ట కింద నుంచి, పైది రొమ్ముల మధ్య నుంచి రావాలి. భుజం బెల్టును చంక కింద పెట్టుకునే అలవాటు మానిపించండి.

వెనక కూర్చున్న పెద్దలు కూడా బెల్టు పెట్టుకోవాలి. 2022 సెప్టెంబరు 4న మహారాష్ట్రలోని పాల్ఘర్ దగ్గర ప్రమాదంలో టాటా సన్స్ మాజీ చైర్మన్ సైరస్ మిస్త్రీ చనిపోయారు. ఖరీదైన కారే, కానీ వెనక సీటులో ఆయన బెల్టు పెట్టుకోలేదు. బెల్టు లేని పెద్దమనిషి ఎగిరి పడితే పక్కన ఎంత గట్టిగా బిగించిన సీటులో బిడ్డ ఉన్నా ఆ బరువు బిడ్డ మీదే పడుతుంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 194బి సెక్షన్ ప్రకారం పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు బెల్టో పిల్లల సీటో లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా. అలారం మోగకుండా బకిల్‌లో దూర్చే ఇనప క్లిప్పులుంటే తీసి పారేయండి. వాటిని ఆన్‌లైన్‌లో అమ్మకూడదని 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఆదేశాలిచ్చింది.

కారు సర్వీసింగ్‌కు వెళ్లి వచ్చాక, వాషింగ్ చేయించాక మళ్లీ బెల్టు దారి దగ్గర పట్టుకుని లాగి చూడండి. సీటు కింద దుమ్ము తీయడానికి బకిల్ విప్పుతారు. తిరిగి పెట్టేటప్పుడు క్లిక్‌మనిపించి వదిలేస్తారు, మోకాలు ఎవరూ వేయరు.