ఇద్దరు కవుల ప్రకృతిని పక్కపక్కన పెట్టి చదవడం

కవి మొత్తాన్నీ కాదు, ఒక్కొక్కరిదీ నాలుగు నుంచి ఆరు పంక్తులే తీసుకోండి. ఉదాహరణకు మనుచరిత్ర రెండో ఆశ్వాసంలో పెద్దన హిమాలయ పద్యం ‘అటఁజని కాంచె’, 1925 నాటి కృష్ణపక్షంలో కృష్ణశాస్త్రి ‘ఆకులో ఆకునై’.

ముందు పెద్దన సమాసాన్ని విడదీయండి. ఇది మానేస్తే మిగిలేది చప్పుడే. విడదీస్తే కథ కనబడుతుంది: శిఖరాల మీది సెలయేళ్ల అలలు మృదంగంలా మోగుతుంటే నెమళ్లు పురివిప్పి ఆడుతున్నాయి, ఆడ ఏనుగులు తొండాలతో చెట్లు ఊపుతున్నాయి.

తర్వాత క్రియల కింద గీత గీయండి. పెద్దనలో సమాపక క్రియ (వాక్యాన్ని ముగించే క్రియ) ఒక్కటే, ‘కాంచె’, అంటే చూశాడు. చూసేవాడు కథానాయకుడు ప్రవరుడు, బయటే నిలబడ్డాడు (సిద్ధుడిచ్చిన పసరు కాళ్లకు పూసుకుని హిమాలయం చూడ వచ్చిన చుట్టపుచూపు మనిషి కదా!). కృష్ణశాస్త్రిలో ‘దాగిపోనా’, ‘ఆగిపోనా’: ఉత్తమ పురుష (‘నేను’ అనే మాట), పైగా ప్రశ్న. అడవిలో కలవాలన్న కోరికే తప్ప కలిసినట్టు లేదు.

పేర్లూ లెక్కపెట్టండి. కృష్ణశాస్త్రి ఆకు, పూవు, కొమ్మ, రెమ్మ అంటాడు. ఏ చెట్టుదో చెప్పడు.

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే: ‘ఒకరిది వర్ణన, ఒకరిది అనుభూతి’ అని ముద్ర కొట్టేసి ఊరుకుంటారు. పెద్దనది కథలో ఘట్టం, ప్రవరుణ్ణి వలచే అప్సరస వరూధిని రాకకు రంగస్థలం. కృష్ణశాస్త్రిది విడి గీతం. ఆ తేడా రాయకుండా పోల్చితే పెద్దనకు అన్యాయమే.