జ్వరాల సీజన్ రాకముందే వార్డులో సర్దుకోవాల్సినవి

జులై నుంచి అక్టోబరు దాకా ప్రభుత్వాసుపత్రిలో మెడికల్ వార్డు ఎలా ఉంటుందో చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. మంచానికి ఇద్దరు, వరండాలో పరుపులు, డెంగీ, టైఫాయిడ్, న్యుమోనియా అన్నీ ఒకే హాల్లో. మందులకు లొంగని బ్యాక్టీరియా ఒకరి నుంచి ఇంకొకరికి పాకడానికి ఇంతకన్నా అనువైన సమయం ఉండదు. వార్డు నిండిపోయాక చేయగలిగేది తక్కువ, అందుకే జూన్‌లోనే మొదలుపెట్టాలి.

అన్నిటికంటే ముందు బ్లడ్ కల్చర్ (రక్తంలో బ్యాక్టీరియా ఉందేమో పెంచి చూసే పరీక్ష) సీసాల సంగతి చూడండి. యాంటీబయాటిక్ మొదటి డోసు ఎక్కించాక రక్తం తీస్తే చాలాసార్లు ‘నో గ్రోత్’ (ఏమీ పెరగలేదు) అని రిపోర్టు వస్తుంది. ఏ మందు పనిచేస్తుందో తెలియక ఒక్కోటీ మారుస్తూ మెరోపెనెం, కొలిస్టిన్ లాంటి చివరి అస్త్రాల దాకా వెళ్తారు. సీసాలు ల్యాబ్ బీరువాలో ఉంటే రాత్రి రెండింటికి ఎవరూ వెళ్లి తెచ్చుకోరు. క్యాజువాలిటీలో, ప్రతి వార్డులో ఇంజెక్షన్ ట్రాలీ పక్కనే అవి ఉండాలి. పెద్దవాళ్లకైతే సీసాకు 8 నుంచి 10 మి.లీ. రక్తం కావాలి, రెండు చేతుల నుంచీ విడివిడిగా తీయాలి. బీపీ పడిపోతున్న రోగికి మాత్రం కల్చర్ పేరుతో మందు ఆలస్యం చేయొద్దు. రక్తం తీసిన వెంటనే డోసు ఇచ్చేయాలి. ఇంకో మాట, రాత్రి తీసిన బ్లడ్ కల్చర్‌ను ఫ్రిజ్‌లో పెట్టకూడదు. యూరిన్ శాంపిల్‌ను మాత్రం వెంటనే పంపలేకపోతే ఫ్రిజ్‌లోనే పెట్టాలి. కొత్తగా చేరినవాళ్లు ఈ రెండూ తారుమారు చేస్తుంటారు.

శాంపిల్ పంపడం సగం పనే. రిపోర్టు వచ్చేసరికి రోగి డిశ్చార్జి అయిపోయి, కాగితం కేస్‌షీట్‌కు అతికించడానికే పనికొస్తే అంత ఖర్చూ దండగ. బ్లడ్ కల్చర్‌లో ఏదైనా పెరిగిందని తెలియగానే ల్యాబ్ నుంచి వార్డుకు ఫోన్ రావాలి. ఎవరు చేస్తారో, వార్డులో ఎవరు రాసుకుంటారో ఇప్పుడే పేర్లతో సహా తేల్చుకోండి. పోయినేడాది రిపోర్టులన్నీ కలిపి ఏ బ్యాక్టీరియాకు ఏ మందు ఎంత శాతం పనిచేసిందో ఒక పేజీలో వేసి డ్యూటీ రూమ్ గోడకు అంటించాలి. రోగికి ఒక్క శాంపిలే లెక్క, ఐసీయూది వేరు, వార్డులది వేరు. 30 శాంపిళ్లు కూడా లేని బ్యాక్టీరియాకు శాతాలు కట్టొద్దు, అవి నమ్మదగ్గవి కావు. 2013లో మొదలైన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) నెట్‌వర్క్ ఇచ్చే ఇలాంటి లెక్కలు ఉపయోగమే. కానీ అవి ఎక్కువగా పెద్దాసుపత్రులవి, జిల్లా ఆసుపత్రి వార్డుకు యథాతథంగా సరిపోవు.

ఇక చేతులు. శానిటైజర్ గుమ్మం దగ్గర ఒక్కటి ఉంటే చాలదు, మంచాల మధ్య అందేలా ఉండాలి. 20–30 సెకన్లు రుద్దాలి, సబ్బుతోనైతే 40–60. విరేచనాల రోగిని చూశాక సబ్బూ నీళ్లే వాడాలి, ఎందుకంటే విరేచనాలు తెప్పించే సి. డిఫిసిల్ బ్యాక్టీరియా స్పోర్లు (గట్టి పెంకు కట్టుకున్న రూపం) ఆల్కహాల్‌కు చావవు. గ్లౌజులంటేనే నాకు కాస్త భయం. ఒకే జత వేసుకుని పదిమందికి సెలైన్ మార్చేస్తుంటారు, దాంతో గ్లౌజు తొడుక్కున్నవాళ్లకే రక్షణ, రోగులకు కాదు.

విడి గదులు మన దగ్గర ఎలాగూ లేవు. రెసిస్టెంట్ (మందులకు లొంగని) బ్యాక్టీరియా ఉందని తేలిన రోగిని హాల్లో ఒక మూలకు మార్చి, వీలైతే అలాంటి రోగులందరికీ ఒకే సిస్టర్‌ను వేయండి. బీపీ కఫ్, థర్మామీటర్ విడిగా ఉంచండి. అసినెటోబాక్టర్ అనే బ్యాక్టీరియా పొడి మంచం కమ్మీ మీద కూడా వారాల తరబడి బతుకుతుంది, కాబట్టి రోగి వెళ్లగానే మంచం తుడవకుండా ఇంకొకరిని పడుకోబెట్టొద్దు. ఆక్సిజన్‌కు తేమ పట్టించే హ్యూమిడిఫైయర్ సీసాలో కుళాయి నీళ్లు పోయడం ఇప్పటికైనా మానాలి. క్రిములను చంపే హైపోక్లోరైట్ ద్రావణం ఏ రోజుది ఆ రోజే కలపాలి. 5 శాతం ద్రావణం ఒక వంతుకు నాలుగు వంతుల నీళ్లు కలిపితే 1 శాతం అవుతుంది, రక్తం పడ్డ చోట అదే వాడాలి.

యూరిన్ క్యాథెటర్ (మూత్రం గొట్టం) ఇవాళ కూడా అవసరమా అని రోజూ రౌండ్స్‌లో అడగాలి. అక్కర్లేనిది ఆ రోజే తీసేయాలి. బ్యాగు నడుము కంటే కిందే ఉండాలి కానీ నేలకు తగలకూడదు. స్ట్రెచర్ మీద మార్చేటప్పుడు అటెండెంట్లు (రోగి వెంట ఉండేవాళ్లు) దాన్ని రోగి పొట్ట మీద పెట్టేస్తారు, ఒక్కసారి చెబితే వింటారు.

అటెండెంట్లకు చెప్పాల్సింది ఇంకా ఉంది. పక్క మంచం మీద కూర్చోవద్దనీ, పక్క రోగిని తాకితే చేతులు కడుక్కోమనీ చెప్పాలి. డెంగీకి ‘పవర్‌ఫుల్ ఇంజెక్షన్’ అడిగేవాళ్లతో ఓపికగా మాట్లాడాలి, అది వైరస్, యాంటీబయాటిక్ దాన్ని ఏమీ చేయదు. అనుమానంతో మొదలుపెట్టిన యాంటీబయాటిక్‌నైనా 48–72 గంటల్లో మళ్లీ చూసి, అక్కర్లేకపోతే ఆపేయాలి.

చివరగా రిఫరల్ స్లిప్. జిల్లా నుంచి హైదరాబాద్ గాంధీ ఆసుపత్రికో, విశాఖ కేజీహెచ్‌కో పంపేటప్పుడు రోగికి ఏ బ్యాక్టీరియా దొరికింది, ఏ మందు ఎన్ని రోజులు ఇచ్చాం, ఏ కల్చర్ రిపోర్టు ఇంకా రావాలి అన్నవి స్లిప్ మీద పెద్ద అక్షరాలతో రాయండి. రావాల్సిన రిపోర్టు ఉంటే ల్యాబ్ ఫోన్ నంబరు కూడా వేయండి.