చెక్క ఫ్లోరింగ్ కొనేముందు ఒక ముక్క నీళ్లలో వేయండి

చీమకుర్తి గ్రానైట్ లారీలు తిరిగే ఒంగోలులో ఉంటూ ఇంట్లో చెక్క నేల వేయించానంటే మా ఆడపడుచు ఇప్పటికీ నవ్వుతుంది. మా అత్తయ్యకు మోకాళ్ల నొప్పులు. చలికాలం పొద్దున్నే గ్రానైట్ మీద కాలు పెట్టాలంటే జంకేది. అందుకే పూనుకున్నాను. మొదటిసారి డబ్బు నీళ్లపాలైంది, నిజంగానే నీళ్లపాలు.

అప్పుడు హాల్లో వేయించాను. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు పెరటి తలుపు కిందుగా జల్లు లోపలికొచ్చింది. రెండు మూడు రోజుల్లో అంచులు అప్పడాల్లా లేచాయి. షాపులో "వాటర్‌ప్రూఫ్ మేడమ్" అన్నది పైపొర గురించేనట!

అందుకే ముందు గది చూసుకోండి. పండగొస్తే బకెట్లతో నీళ్లు పోసి కడిగే ఇళ్లు మనవి. హాలు, వంటిల్లు, పూజగది వద్దు. ఒక్క పడగ్గదికి వేయించుకుంటే ఖర్చు సగం అక్కడే తగ్గుతుంది.

ఇక రకాలు. అచ్చమైన టేకు మనలాంటివాళ్లకు అందదు. పాత మిద్దె దూలాలు కోయిద్దామన్నారు మా మామయ్య. మేకులున్న దూలమంటే రంపం పాడవుతుందని కోత మిల్లువాళ్లు వెనకాడారు. పైగా చిత్రిక, పాలిష్ కూలీ కలిపితే చవక కాదు. ఇంజనీర్డ్ వుడ్ అంటే ప్లైవుడ్ మీద పల్చటి అసలు చెక్క. బాగుంటుంది, ధరా అలాగే ఉంటుంది. లామినేట్ అంటే కలప పీచును నొక్కి చేసిన బోర్డు, దాని మీద చెక్క బొమ్మ ముద్రించిన కాగితం, ఆపైన గట్టి పొర. చవకైనది ఇదే. నేను రెండోసారీ ఇదే వేయించాను, కాకపోతే పరీక్ష పెట్టి.

షాపులో ఒక తుంపు ముక్క అడగండి. ఇవ్వనంటే ఇంకో షాపు. కోసిన అంచు మందం స్కేలుతో కొలిచి, ఒక రోజంతా నీళ్లలో ఉంచి మళ్లీ కొలవండి. నేను మూడు షాపుల ముక్కలు ఒకే గిన్నెలో వేశాను. ఒకటి అటుకుల్లా ఉబ్బింది. అది 12 మి.మీ. రకం! ఏమీ కానట్టున్నది 8 మి.మీ.ది. మందం చూసి మోసపోకండి. అరుగుదలకు ఎంత తట్టుకుంటుందో డబ్బా మీద ఏసీ (అబ్రేషన్ క్లాస్) నంబరు చెబుతుంది. పడగ్గదికి ఏసీ3 చాలు.

కింది నేలలో చెమ్మ ఉందేమో చూడాలి. మూరెడు పాలిథిన్ షీటు పరిచి నాలుగు వైపులా టేపు అంటించి, మర్నాడు తీయండి. లోపల చెమట పట్టి ఉంటే ఆ గదికి వద్దు. నేల మట్టం సరిగా ఉంటే పాత టైల్స్ పగలగొట్టక్కర్లేదు, పైనే పరవచ్చు. ఆరడుగుల అల్యూమినియం బద్ద పెట్టి చూస్తే కింద మూడు మి.మీ. కంటే సందు కనపడకూడదు.

లెక్క ఇలా వేసుకోండి. పదికి పన్నెండు గది అంటే 120 చదరపు అడుగులు, కోతల్లో పోయేది పది శాతం కలిపితే 132. ధర మాట్లాడేటప్పుడు కింద పరిచే ఫోమ్, గోడ అడుగున కొట్టే స్కర్టింగ్, గుమ్మం దగ్గర పట్టీ, కూలీ, జీఎస్టీ విడివిడిగా రాయించుకోండి. చదరపు అడుగు ధర తగ్గించి వీటిలో రాబట్టుకుంటారు.

డబ్బాలు రాగానే పని మొదలుపెట్టనివ్వద్దు. రెండు రోజులు అదే గదిలో పడుకోబెట్టి ఉంచాలి. గోడ చుట్టూ 8 నుంచి 10 మి.మీ. ఖాళీ వదలమనండి, వానాకాలం చెక్క సాగుతుంది. ఆ సందును స్కర్టింగ్ కప్పేస్తుంది. నేల ఎత్తు పెరుగుతుంది కాబట్టి తలుపు అడుగు చిత్రిక పట్టించడం మర్చిపోకండి. మేము మర్చిపోయి, ఆ రాత్రి తలుపు వేయకుండానే పడుకున్నాం.

మిగిలిన రెండు ప్లాంకులు మంచం కింద దాచాను. అదే డిజైను మళ్లీ దొరుకుతుందన్న నమ్మకం లేదు.