ఇంటర్నెట్ లేని డెబియన్ అప్‌డేట్ సర్వర్‌లో ప్యాకేజీ దొరకనప్పుడు లోపాన్ని ఎలా కనిపెట్టాలి?

బయటి నెట్‌వర్క్‌తో సంబంధం లేకుండా ఉంచిన ల్యాబుల్లో డెబియన్ (ఒక లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) నడిచే కంప్యూటర్లకు అప్‌డేట్లు అందించే ఏర్పాటు సాధారణంగా ఇలా ఉంటుంది. నెట్ ఉన్న ఒక యంత్రం ఆప్ట్-మిర్రర్ అనే ప్రోగ్రాము సాయంతో రిపాజిటరీని (ప్యాకేజీల భాండాగారాన్ని) దించుకుంటుంది, దాన్ని ఎవరో ఒకరు హార్డ్ డిస్కులో లోపలికి మోసుకొస్తారు, లోపలి సర్వర్ ఒక వెబ్ సర్వర్ ద్వారా దాన్ని మిగతా కంప్యూటర్లకు పంచుతుంది. ఒకనాడు "ఫలానా ప్యాకేజీ రావడం లేదండీ" అని కబురు వస్తుంది. అప్పుడు చాలామంది మిర్రర్ (రిపాజిటరీ నకలు) మొత్తాన్ని మళ్ళీ మొదటి నుంచి దించడం మొదలుపెడతారు. రోజంతా ఖర్చయ్యాక, డిస్కు మోసిన శ్రమ కూడా అయ్యాక, అదే సందేశం మళ్ళీ కనిపిస్తుంది. ప్యాకేజీ "లేదు" అనడానికి ఇక్కడ మూడు అర్థాలు ఉండటమే దీనికి కారణం: దాని పేరు సూచీలోనే (ప్యాకేజీల జాబితాలోనే) ఉండకపోవచ్చు, సూచీలో ఉన్నా ఫైలు ఉండకపోవచ్చు, రెండూ ఉన్నా క్లయింటు (అప్‌డేట్లు తీసుకునే కంప్యూటరు) వాటిని ఒప్పుకోకపోవచ్చు. ఈ మూడింటిలో ఏదో తేలాకే డిస్కు మీద చేయి వేయాలి.

ఆదేశాలనూ ఫైళ్ళ పేర్లనూ ఇక్కడ పలికే తీరులో రాశాను. టైపు చేసేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాల్లో ఇవ్వాలి.

మొదటి మెట్టు: సందేశాన్ని పూర్తిగా చదవండి

క్లయింటులో ఆప్ట్ అప్‌డేట్ (సూచీలను తాజాగా తెచ్చుకునే ఆదేశం) నడిపి, చివరి పంక్తి ఒక్కటే కాకుండా అన్ని పంక్తులూ చూడండి. ఆ తరువాత ఇన్‌స్టాల్ చేయబోయి, వచ్చిన సందేశాన్ని పక్కన పెట్టుకోండి. "అనేబుల్ టు లొకేట్ ప్యాకేజ్" అంటే ఆ పేరు క్లయింటు దగ్గరున్న ఏ సూచీలోనూ లేదని అర్థం. "నో ఇన్‌స్టలేషన్ క్యాండిడేట్" అంటే సాధారణంగా వేరే ప్యాకేజీ ఏదో ఆ పేరును ప్రస్తావించింది గానీ, ఇన్‌స్టాల్ చేయదగ్గ వెర్షన్ దొరకలేదని అర్థం. 404 వస్తే సూచీ ఒక ఫైలును చూపిస్తోంది, ఆ ఫైలు మాత్రం సర్వర్‌లో లేదు. "హ్యాష్ సమ్ మిస్‌మ్యాచ్" వస్తే హ్యాష్ (ఫైలు నుంచి లెక్కగట్టే గుర్తు సంఖ్య) విషయంలో సూచీకీ దొరికిన ఫైలుకూ పొంతన కుదరలేదు.

రెండో మెట్టు: సర్వర్‌లోని సూచీలో పేరు వెతకండి

డెబియన్ రిపాజిటరీలో రెండు ముఖ్యమైన ఫోల్డర్లు ఉంటాయి: సూచీలు ఉండే డిస్ట్స్, అసలు డెబ్ ఫైళ్ళు ఉండే పూల్. డిస్ట్స్‌లో బుక్‌వార్మ్ (డెబియన్ 12 పేరు), అందులో మెయిన్, అందులో బైనరీ-ఏఎండీ64 ఫోల్డరులోకి వెళితే ప్యాకేజెస్ అనే కుదించిన ఫైలు కనిపిస్తుంది. ఎక్స్‌జెడ్‌గ్రెప్‌తో అందులో పేరు వెతకండి. దొరికితే ఆ భాగంలోనే "ఫైల్‌నేమ్" అనే పంక్తి ఉంటుంది, దాన్ని రాసిపెట్టుకోండి.

పూల్‌లోకి నేరుగా వెళ్ళి ప్యాకేజీ పేరుతో ఫోల్డరు లేదని నిరాశపడేవారిని చాలాసార్లు చూశాను, మొదట్లో నేనూ అదే చేశాను. పూల్‌లో ఫోల్డర్లు సోర్స్ ప్యాకేజీ (ప్యాకేజీలను తయారుచేసే మూల కోడ్ మూట) పేరుతో ఉంటాయి. ఇంటెల్ వైఫై కార్డులకు కావలసిన ఫర్మ్‌వేర్ (హార్డ్‌వేర్ లోపల నడిచే సాఫ్ట్‌వేర్) ప్యాకేజీ అయిన ఫర్మ్‌వేర్-ఐడబ్ల్యూఎల్‌వైఫై, ఫర్మ్‌వేర్-నాన్‌ఫ్రీ అనే ఫోల్డరులో ఉంటుంది. అందుకే దారి చెప్పాల్సింది ఫైల్‌నేమ్ పంక్తి, మన ఊహ కాదు.

మూడో మెట్టు: పేరే లేకపోతే కాంపొనెంట్లను సరిచూడండి

ఎక్కువసార్లు లోపం దొరికేది ఇక్కడే. రిపాజిటరీలోని మెయిన్, నాన్-ఫ్రీ లాంటి విభాగాలనే కాంపొనెంట్లు అంటారు. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12లో ఫర్మ్‌వేర్ ప్యాకేజీలను నాన్-ఫ్రీ నుంచి విడదీసి, నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్ అనే కొత్త కాంపొనెంట్‌లో పెట్టారు. ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్ల మైక్రోకోడ్ ప్యాకేజీలు కూడా అందులోకే వెళ్ళాయి. ఆప్ట్-మిర్రర్ ఏమేం దించాలో రాసే డెబియన్ 11 కాలపు మిర్రర్.లిస్ట్‌లో బుల్స్‌ఐ (డెబియన్ 11 పేరు) అన్నచోట బుక్‌వార్మ్ అని మార్చి ఊరుకున్న సర్వర్‌లో ఇవేవీ ఉండవు. మిర్రర్ సజావుగా నడుస్తుంది, లోపమని ఏదీ చెప్పదు, ఎందుకంటే మనం అడిగినదంతా అది తెచ్చింది. అడగనిది తేలేదని ఫిర్యాదు చేయడం దాని పని కాదు.

సవరణ రెండు చోట్ల చేయాలి: బయటి యంత్రంలోని మిర్రర్.లిస్ట్‌లోనూ, ప్రతి క్లయింటులో రిపాజిటరీల చిరునామాలు ఉండే సోర్సెస్.లిస్ట్‌లోనూ కొత్త కాంపొనెంట్ పేరు చేర్చాలి. సర్వర్‌కు చేర్చి క్లయింటుకు మరచిపోతే క్లయింటు ఆ సూచీని అసలు అడగదు. క్లయింటుకు చేర్చి సర్వర్‌కు మరచిపోతే ఆప్ట్ అప్‌డేట్‌లోనే లోపం బయటపడుతుంది. రెండోదే నయం, కనీసం కనిపిస్తుంది.

ఇలాంటిదే ఇంకొకటి: భద్రతా సవరణల విభాగం పేరు డెబియన్ 10లో బస్టర్/అప్‌డేట్స్ కాగా, 11 నుంచి బుల్స్‌ఐ-సెక్యూరిటీ పద్ధతికి మారింది. 32 బిట్ ప్రోగ్రాములు కావాలంటే ఐ386 సూచీలను కూడా విడిగా అడగాలి.

నాలుగో మెట్టు: సూచీలో ఉండి ఫైలు లేకపోతే

రాసిపెట్టుకున్న దారిలో ఫైలు ఉందేమో, ఉంటే వెబ్ సర్వర్‌కు దాన్ని చదివే అనుమతి ఉందేమో చూడండి. ఫైలు లేకపోతే బయటి యంత్రంలో చూడండి. అక్కడ ఉంటే మోసుకురావడంలో పోయింది. అక్కడా లేకపోతే దించడంలో పోయింది, ఆప్ట్-మిర్రర్ లాగ్ ఫైళ్ళలో ఆ జాడ వెతకాలి.

కాపీ చేసే వరుస కూడా ముఖ్యం. పూల్ ముందు, డిస్ట్స్ తరువాత, పాత ఫైళ్ళ తొలగింపు అన్నిటికన్నా చివర జరగాలి. ఈ వరుస తలకిందులై మధ్యలో కాపీ ఆగిపోతే, కొత్త సూచీ ఇంకా రాని ఫైళ్ళను చూపిస్తుంది. డిస్కును ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి ఉంటే సింబాలిక్ లింకులు (వేరే ఫైలును చూపే గుర్తులు) నిలవవు, 4 జీబీ దాటిన ఫైలు పట్టదు. ఎక్స్‌టీ4లో ఉంచడం మేలు. తిరిగి తేవలసినవి కొద్ది ఫైళ్ళే అయితే, పోల్చి కాపీ చేసే ఆర్‌సింక్‌ను చెక్‌సమ్ ఎంపికతో నడిపితే తేడా ఉన్నవి మాత్రమే వస్తాయి.

ఐదో మెట్టు: అన్నీ ఉన్నా క్లయింటు ఒప్పుకోకపోతే

డెబియన్ భద్రతా విభాగపు రిలీజ్ ఫైలుకు (సూచీల హ్యాష్‌లు ఉండే, డెబియన్ డిజిటల్ సంతకం చేసిన ఫైలు) గడువు తేదీ ఉంటుంది, అది వారం రోజుల లెక్కన నడుస్తుంది. నెలకొకసారి డిస్కు మోసే చోట ఆ గడువు దాటడం ఖాయం. అప్పుడు ఆప్ట్ కొత్త సూచీని పక్కనపెట్టి పాతదాన్నే వాడుతుంది, దాంతో కొత్త ప్యాకేజీ లేనట్టే కనిపిస్తుంది. ఆ రిపాజిటరీ పంక్తిలో చెక్-వ్యాలిడ్-అన్‌టిల్ ఎంపికను "నో" అని పెడితే గడువు తనిఖీ ఒక్కటే ఆగుతుంది, సంతకం తనిఖీ కొనసాగుతుంది. "ట్రస్టెడ్" ఎంపికను "యెస్" అని పెట్టమనే సలహా వింటే మాత్రం వద్దనండి. అది సంతకం తనిఖీనే తీసేస్తుంది. క్లయింటు గడియారం వెనకబడి ఉన్నా రిలీజ్ ఫైలు ఇంకా అమలులోకి రాలేదని తిరస్కరిస్తుంది, కాబట్టి తేదీ కూడా చూడండి.

సొంతంగా తయారుచేసుకున్న డెబ్ ఫైళ్ళను మిర్రర్ చేసిన పూల్‌లో వేస్తే అవి కనిపించవు, ఎందుకంటే సూచీలో వాటి పేర్లు లేవు. సూచీని దిద్దితే దాని హ్యాష్ మారి, డెబియన్ సంతకం చేసిన రిలీజ్ ఫైలుతో పొసగదు. వాటికి వేరే ఫోల్డరు పెట్టి, డీపీకేజీ-స్కాన్‌ప్యాకేజెస్‌తో విడి సూచీ తయారుచేసి, వేరే రిపాజిటరీగా సంతకం చేసి ఇవ్వండి.

సవరణ అయ్యాక క్లయింటులో మళ్ళీ ఆప్ట్ అప్‌డేట్ నడిపి, ఆప్ట్-క్యాష్ పాలసీకి ప్యాకేజీ పేరు ఇవ్వండి. "క్యాండిడేట్" ఎదుట వెర్షన్, ఆ కింద మీ సర్వర్ చిరునామా కనిపించాలి. చిరునామా ఉండి కూడా క్యాండిడేట్ "నన్" అని వస్తే, ఆ క్లయింటు ప్రిఫరెన్సెస్ ఫోల్డరులో ఎవరో ఆ ప్యాకేజీని ఎప్పుడో ఆపి మరచిపోయారేమో చూడండి.